సింగిల్స్, పెయిర్స్, వాల్ట్జ్: థెరెసా వెల్డ్ రికార్డును ఎలా చదవాలి

మీరు అడిగినవి మూడు. అమెరికా పాత ఫిగర్ స్కేటింగ్ పట్టికల్లో థెరెసా వెల్డ్ పేరు సింగిల్స్‌లో, పెయిర్స్ అనే జంటల పోటీలో, వాల్ట్జ్ అనే జంట నృత్యంలో కూడా ఉంది, ఒకే మనిషి ఇవన్నీ ఎలా చేయగలిగారు? నథానియల్ నైల్స్‌తో కలిసి సొంత దేశంలో తొమ్మిదిసార్లు గెలిచిన ఆమె జంట ఒలింపిక్స్‌లో ఒక్క పతకమైనా ఎందుకు తేలేకపోయింది? 1920లో ఒక గెంతు వేసినందుకు జడ్జీలు ఆమెను మందలించారన్న మాట నిజమేనా? మూడింటికీ సమాధానం ఆనాటి పోటీ పద్ధతిలోనే ఉంది. కాబట్టి పతకాల లెక్క కన్నా ఆ పద్ధతి గురించే ఎక్కువ చెబుతాను.

ముందు పేరు సంగతి, ఎందుకంటే లెక్క తప్పేది ఇక్కడే. ఆమె 1893లో బోస్టన్ పక్కనున్న బ్రూక్లైన్‌లో పుట్టారు. 1920లో చార్లెస్ బ్లాంచర్డ్‌ను పెళ్లి చేసుకున్నారు. అందుకని మొదటి పట్టికల్లో థెరెసా వెల్డ్ అనీ, తర్వాతివాటిలో థెరెసా వెల్డ్ బ్లాంచర్డ్ అనీ ఉంటుంది. కొన్నిచోట్ల ఉత్త మిసెస్ బ్లాంచర్డ్ అనే వేశారు. ఇద్దరు వేర్వేరు మనుషులనుకుని విడదీస్తే ఆరు సింగిల్స్ టైటిళ్లు రెండు ముక్కలుగా చీలిపోతాయి. కలిపి చూడాలి: మహిళల సింగిల్స్ 1914లో, ఆ తర్వాత 1920 నుంచి 1924 దాకా వరుసగా. నథానియల్ నైల్స్‌తో పెయిర్స్ 1918లో, మళ్లీ 1920 నుంచి 1927 దాకా ఏటా, మొత్తం తొమ్మిది. 1914లో న్యూహేవెన్‌లో జరిగిన మొట్టమొదటి అమెరికా జాతీయ పోటీల్లో వాల్ట్జ్ గెలిచింది కూడా ఈ ఇద్దరే. ఉత్తర అమెరికా పోటీల్లో 1923లో ఆమెకు సింగిల్స్, 1925లో ఇద్దరికీ పెయిర్స్ దక్కాయి.

మధ్యలో ఖాళీగా ఉన్న ఏళ్లను ఓటమి కింద రాసుకోవద్దు. 1915, 1916, 1917, 1919లలో అమెరికాలో జాతీయ పోటీలే జరగలేదు. 1916 ఒలింపిక్స్ యుద్ధం వల్ల రద్దయ్యాయి. ప్రపంచ పోటీలు 1914 తర్వాత మళ్లీ జరిగింది 1922లోనే. అంటే 20 ఏళ్ల వయసులో జాతీయ టైటిల్ గెలిచిన మనిషికి, కాళ్లలో సత్తువ మంచి స్థాయిలో ఉండే ఆరేళ్లూ దాదాపు పోటీల్లేకుండానే గడిచిపోయాయి. ఆమె ఫలితాల్లో దేన్ని చదివినా ఈ ఒక్క సంగతి పక్కన పెట్టుకుని చదవాలి.

ఇక మూడు విభాగాలూ ఒకే మనిషి ఎలా చేశారన్నది. అప్పట్లో సింగిల్స్ మార్కుల్లో సింహభాగం, నూటికి 60, కంపల్సరీ ఫిగర్స్‌కే. గెంతులు, గిరికీలు ఉండే ఫ్రీ స్కేటింగ్‌కు మిగిలింది 40. ఫిగర్స్ అంటే ఐసు మీద బ్లేడుతో గీసే వలయాలు. హైదరాబాద్‌లో ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్ నేర్చుకునే పిల్లల ఇళ్లలో ఇది సులువుగానే అర్థమవుతుంది. అక్కడ నేల మీద 6 మీటర్ల వలయాలు పెయింటుతో వేసి ఉంటాయి, చక్రాలు ఆ గీత మీదే పోవాలి. ఐసు మీద గీతంటూ ఏమీ ఉండదు. ఖాళీ ఐసు మీద నిలబడి, కంటి అంచనాతో మధ్య బిందువును ఎంచుకుని, బ్లేడుతోనే గీత గీయాలి. మళ్లీ అదే గీత మీద ఇంకో రెండుసార్లు పోవాలి.

బ్లేడు అడుగు భాగం చదునుగా ఉండదు. దాదాపు 4 మిల్లీమీటర్ల మందంలో, నిడివి పొడవునా సన్నటి గాడి తీసి ఉంటుంది. ఆ గాడికి అటూ ఇటూ ఉన్న రెండు అంచుల్లో ఒకటి లోపలి అంచు, ఒకటి బయటి అంచు. రెండు కాళ్లు, రెండు అంచులు, ముందుకూ వెనక్కూ: మొత్తం ఎనిమిది రకాలుగా జారవచ్చు. మీరు ఏ స్కేటింగ్ చూసినా, ఎంత పెద్ద గెంతు చూసినా, దాని మొదలూ చివరా ఈ ఎనిమిదింటిలో ఒకటే అయ్యుంటుంది.

అన్నిటికన్నా మామూలు ఫిగర్ ఎనిమిది అంకె ఆకారం. మధ్య బిందువు దగ్గర నిలబడి, బ్లేడు పక్క అంచుతో ఒక్క తోపు తోయాలి. మునివేళ్లతో తోస్తే ఐసు మీద గోకుడు పడుతుంది, దానికి మార్కులు పోతాయి. ఆ ఒక్క తోపుతోనే ఒంటికాలి మీద పూర్తి వలయం తిరిగి మధ్యకు రావాలి. వలయం అడ్డకొలత మనిషి ఎత్తుకు సుమారు మూడింతలు, అంటే 160 సెంటీమీటర్ల మనిషికి దాదాపు 5 మీటర్లు. మధ్యకు వచ్చాక కాలు మార్చి రెండో వలయం. ఇలా ఒక్కో కాలితో మూడేసి సార్లు. అంతా అయ్యాక జడ్జీలు ఐసు మీదికి నడిచి వచ్చి, వంగి, గీతలను దగ్గరగా చూస్తారు. మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి ఎంత దగ్గరగా పడ్డాయి, రెండు వలయాలూ సమానంగా ఉన్నాయా, మధ్యలో తాకేచోట ఖాళీ మిగిలిందా అన్నవన్నీ తనిఖీ చేస్తారు. ఒకచోట ఒక్క గీతకు బదులు పక్కపక్కనే రెండు సన్నటి గీతలు కనిపిస్తే, అక్కడ బ్లేడు అంచు మీద కాకుండా చదునుగా పోయిందన్నమాట. దాచుకునే అవకాశమే లేదు. మనిషి వెళ్లిపోయినా తప్పు ఐసు మీదే ఉండిపోతుంది.

దీనికన్నా ఒక మెట్టు పైది త్రీ టర్న్. ముందుకు బయటి అంచు మీద పోతూ, అదే కాలి మీద తిరిగి వెనక్కు లోపలి అంచు మీదికి రావాలి. గీత 3 అంకెలా పడుతుంది. మధ్యలో వచ్చే మొన వలయం లోపలికి, సూటిగా కేంద్రం వైపు చూడాలి. ఇది చెడేది పాదం దగ్గర కాదు, భుజాల దగ్గర. తిరగడానికి ముందే భుజాలు తిరగాలి, తిరిగిన వెంటనే వాటిని ఆపెయ్యాలి. ఆపకపోతే ఒళ్లు ఇంకా తిరుగుతూనే ఉండి వెనకటి అంచు వంపు బిగుసుకుపోతుంది, వలయం రెండో సగం చిన్నదైపోతుంది. బరువు మడమ మీద ఉండగా తిరగబోతే బ్లేడు పట్టేస్తుంది. ముందుకు తిరిగేటప్పుడు బరువు పాదం ముందుభాగానికి ఒక్క క్షణం చేరి మళ్లీ సర్దుకోవాలి.

ఇంత వివరంగా ఎందుకంటే, వాల్ట్జ్ మొత్తం ఈ త్రీ టర్న్ మీదే నడుస్తుంది. ఇద్దరూ ఎదురెదురుగా దగ్గరగా పట్టుకుని, ఒకరు ముందుకు త్రీ తీసుకుంటుండగా ఇంకొకరు వెనక్కు బయటి అంచు మీద ఉంటారు. సంగీతంలో మూడు తాళపు దెబ్బల తర్వాత పాత్రలు మారతాయి. ఒకరి త్రీ రెండో వారి పాదాల మధ్య నుంచి మొదలవ్వాలి. పక్కకు వేస్తే ఇద్దరి మధ్య దూరం పెరిగి, చేతులతో లాక్కోవలసి వస్తుంది. చేతులు లాగుతున్నాయంటే కాళ్లు తప్పాయని అర్థం. ఒక్కరి గీత బాగుంటే చాలదు, ఇద్దరి వంపులూ ఒకే కొలతలో ఉండాలి. మోకాళ్లు ఒకే దెబ్బకు వంగి ఒకే దెబ్బకు లేవాలి. ఒకరు అర దెబ్బ ఆలస్యమైనా పక్కవారి బ్లేడు వారి దారికి అడ్డొస్తుంది. ఆ రోజుల్లో వాల్ట్జ్‌తో పాటు పోటీల్లో ఉన్న ఇంకో నృత్యం ఫోర్టీన్ స్టెప్. వియన్నాలో ఫ్రాంజ్ షోలర్ 1889లో కూర్చిన టెన్ స్టెప్‌నే పొడిగించి పద్నాలుగు అడుగులు చేశారు. అది మార్చ్ సంగీతానికి నడుస్తుంది, ఇప్పటి నియమాల్లో దాని వేగం నిమిషానికి 112 దెబ్బలు. అందులో మోహాక్ అనే మలుపు ఉంటుంది. త్రీలో ఉన్న కాలి మీదే తిరుగుతారు, మోహాక్‌లో కాలు మారుస్తూ తిరుగుతారు.

ఇప్పుడు పెయిర్స్ వైపు చూడండి. నేటి పెయిర్స్‌లో తలపైకెత్తే లిఫ్టులు, విసిరే గెంతులు ఉంటాయి కాబట్టి దానికి వేరే ఒళ్లు, వేరే కసరత్తు కావాలి. 1920లో అవేవీ లేవు. నాలుగైదు నిమిషాల కార్యక్రమంలో చేయి చేయి పట్టుకుని స్పైరల్స్ (ఒక కాలు వెనక్కు ఎత్తి ఒంటికాలి మీద జారడం), కలిసి గిరికీలు, పక్కపక్కనే ఒకేలా వేసే అడుగులు, చిన్న గెంతులు, నడుం దగ్గర పట్టుకుని కొంచెం ఎత్తే లిఫ్టులు. మధ్యమధ్య వాల్ట్జ్ అడుగులు కూడా. కాబట్టి ఫిగర్స్‌లో నిలకడ ఉన్న మనిషికి సింగిల్స్, పెయిర్స్, నృత్యం మూడూ ఒకే కాలి పని. నైల్స్ కూడా అంతే: 1918, 1925, 1927లలో పురుషుల సింగిల్స్ గెలిచారు. పైగా ఆయన మంచి టెన్నిస్ ఆటగాడు, 1917లో అమెరికా జాతీయ పోటీల పురుషుల ఫైనల్‌లో లిండ్లీ ముర్రే చేతిలో ఓడారు. కాలు కదిపే వేగం, దూరం అంచనా వేసే కన్ను రెండింటికీ పనికొచ్చేవే అని అనుకోవడంలో తప్పులేదు. సింగిల్స్, పెయిర్స్ రెండూ ఒకరే చేయడం చక్రాల మీద ఇప్పటికీ ఉంది. 2010 గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామ సింగిల్స్‌లో ఒక కాంస్యం, అవనీ పంచాల్‌తో కలిసి పెయిర్స్‌లో ఇంకో కాంస్యం తెచ్చాడు.

మీ మూడో ప్రశ్న, ఆ గెంతు. మందలించారన్నది నిజమే. 1920 ఏప్రిల్ చివర్లో ఆంట్వెర్ప్‌లో, వేసవి ఒలింపిక్స్‌లో భాగంగానే స్కేటింగ్ జరిగింది, శీతాకాల ఒలింపిక్స్ అప్పటికింకా పుట్టలేదు. ఫ్రీ స్కేటింగ్‌లో ఆమె సాల్కో వేశారు. స్వీడన్ స్కేటర్ ఉల్రిక్ సాల్కో పేరు మీద వచ్చిన గెంతు అది. ఎడమకాలి వెనక్కు-లోపలి అంచు మీద పోతూ, కుడికాలిని వెనకనుంచి ముందుకు గుండ్రంగా ఊపి, ఆ ఊపుతోనే లేచి, గాల్లో ఒక చుట్టు తిరిగి కుడికాలి వెనక్కు-బయటి అంచు మీద దిగాలి. మునివేళ్ల దగ్గరి పళ్లతో ఐసును పొడిచే పనిలేదు, లేపేది ఆ ఊపే. చిక్కు కూడా అక్కడే. కాలు గుండ్రంగా ఊగితే దాంతోపాటు పొడవాటి స్కర్టు కూడా గుండ్రంగా లేస్తుంది. స్కర్టు మోకాళ్లదాకా లేస్తోందనీ, ఆడవాళ్లకు తగిన పని కాదనీ జడ్జీల అభ్యంతరం. కాళ్లకు అడ్డంపడే బరువైన గుడ్డతో, అది చుట్టుకుపోకుండా ఒంటికాలి మీద దిగడమే అసలు కష్టమని వారెందుకు లెక్కలోకి తీసుకోలేదో. ఆ గెంతును వారు మెచ్చి ఉంటే మహిళల ఫ్రీ స్కేటింగ్ పది పదిహేనేళ్లు ముందే మారేదని నా అభిప్రాయం.

అయినా ఆమెకు కాంస్యం దక్కింది. స్వర్ణం స్వీడన్‌కు చెందిన మాగ్దా యూలిన్‌ది, రజతం అదే దేశపు స్వెయా నొరేన్‌ది. యూలిన్‌కు ఒక్క జడ్జీ కూడా మొదటి స్థానం ఇవ్వలేదు. అయినా ఆమే గెలిచారు, ఎందుకంటే అప్పట్లో ఒక్కో జడ్జీ ఇచ్చిన మార్కులను స్థానాలుగా మార్చి, ఆ స్థానాలను పోల్చేవారు. ఒకరిని ఒక జడ్జీ మొదట, ఇంకో జడ్జీ చివర పెడితే, అందరి దగ్గరా రెండో స్థానం వచ్చిన మనిషి వారిని దాటిపోతుంది. పాత ఫలితాలు చూసేటప్పుడు మార్కుల మొత్తం చూసి ఆశ్చర్యపోకండి, స్థానాల వరుస చూడండి.

ఆ కాంస్యం గురించి ఒక సవరణ. ‘శీతాకాల ఒలింపిక్స్‌లో అమెరికా తొలి పతకం’ అని రాసేస్తుంటారు. సరైన మాట ఇది: ఒలింపిక్స్‌లో శీతాకాల క్రీడలో అమెరికాకు వచ్చిన తొలి పతకం. అదే ఆంట్వెర్ప్‌లో అమెరికా ఐస్ హాకీ జట్టు రజతం తెచ్చింది గానీ, ఆ పోటీ మహిళల సింగిల్స్ తర్వాతే ముగిసింది. శీతాకాల ఒలింపిక్స్ అనేవి 1924లో షామొనీలో మొదలయ్యాయి. అక్కడ మొదటి పతకం స్పీడ్ స్కేటర్ చార్లెస్ జూట్రాది.

ఇక జంట ఎందుకు వెనకబడిందన్నది. ఒలింపిక్స్‌లో వారి స్థానాలు 1920లో నాలుగు, 1924లో ఆరు, 1928లో సెంట్ మోరిట్జ్‌లో తొమ్మిది. సింగిల్స్‌లో కూడా ఆమె మూడు, నాలుగు, పది. చాలామంది వయసు అని తేల్చేస్తారు. 1928 నాటికి ఆమెకు 34, నైల్స్‌కు 41 అన్నది నిజమే. కానీ 1920లో స్వర్ణం గెలిచిన ఫిన్లాండ్ దంపతులు లుడొవికా, వాల్టర్ యాకబ్సన్‌లకు అప్పటికే 35, 38 ఏళ్లు. వయసే కారణమైతే వారు గెలవకూడదు.

నా లెక్కలో మొదటి కారణం ఐసు. 1910లో కట్టిన బోస్టన్ అరీనాలో యంత్రాలతో గడ్డకట్టించే ఐసు ఉండేది. అది 1918 డిసెంబరులో కాలిపోయింది, తిరిగి తెరిచింది 1921 జనవరిలో. ఆంట్వెర్ప్ పోటీలు సరిగ్గా ఈ మధ్యలో వచ్చాయి. బోస్టన్ స్కేటింగ్ క్లబ్బుకు, ఆమె తండ్రి స్థాపకుల్లో ఒకరైన క్లబ్బుకు, సొంత రింక్ వచ్చింది 1938లో. చెరువుల మీది ఐసుతో చిక్కేమిటంటే, దాని కాలం తక్కువ, పైన గాలికి గరుకు తేలుతుంది, పగుళ్లు పడతాయి. అలాంటి ఐసు మీద ఫిగర్ గీత ఎంత సరిగా పడినా కనిపించదు, అంటే తప్పు ఎక్కడుందో స్కేటర్‌కే తెలియదు. ఇద్దరికీ కలిపి సాధన చేయడానికి గరుకు ఐసు ఇంకా ప్రమాదం, ఒకరి బ్లేడు పగులులో పడితే ఇద్దరూ పడతారు.

రెండోది దూరం. ప్రపంచ పోటీలు ఐరోపా బయట తొలిసారి జరిగింది 1930లో, న్యూయార్క్‌లో. అంతదాకా బలమైన జంటల పక్కన నిలబడి తమ స్థాయి చూసుకోవాలంటే అట్లాంటిక్ దాటాల్సిందే. అది నాలుగేళ్లకొకసారి కుదిరే పని. ఇంటి దగ్గర పోటీలో ఉన్న జంటలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. తొమ్మిది జాతీయ టైటిళ్ల విలువ తగ్గించడం లేదు. అయితే గెలుస్తున్న జంటను తమ తీరు మార్చుకోమని తరిమే ప్రత్యర్థి ఇంట్లో లేడు.

మూడోదే అన్నిటికన్నా గట్టిది: పెయిర్స్ తీరే మారిపోయింది. ఫ్రాన్స్ జంట ఆంద్రే జోలీ, పియెర్ బ్రూనే 1924లో కాంస్యం, 1928లో, 1932లో స్వర్ణం తీసుకున్నారు. 1928లో వారి వయసు పాతికకు అటూ ఇటూ. లిఫ్టులు, గెంతులు, వేగం కలిపి కొత్త పెయిర్స్‌ను చూపించింది వీరే. వాల్ట్జ్‌లోంచి పుట్టిన పాత తరహా పెయిర్స్, ఎంత శుభ్రంగా గీసినా, దాని ముందు ఖాళీగా కనిపించసాగింది. మార్కుల్లో ఒకటి కార్యక్రమంలో ఏముంది అన్నదానికి, ఇంకొకటి ఎలా చేశారు అన్నదానికి ఇచ్చేవారు. రెండోదాంట్లో నిలబడినా మొదటిదాంట్లో జారిపోతే పైకి రావడం కుదరదు. అదే 1928లో అమెరికాలో కూడా వారి వరుస తెగింది. టైటిల్ మారిబెల్ విన్సన్, థార్న్‌టన్ కూలిడ్జ్‌ల జంటకు పోయింది. వాళ్లు కూడా బోస్టన్ వాళ్లే.

పట్టికల్లో కనపడని పని ఒకటుంది, ఆమె స్కేటింగ్ జీవితంలో నేను పెద్దపీట వేసేది దానికే. 1921లో అమెరికా ఫిగర్ స్కేటింగ్ సంఘం ఏర్పడింది. 1923లో ఆమె, నైల్స్ కలిసి ఆ సంఘం కోసం ‘స్కేటింగ్’ అనే పత్రిక మొదలుపెట్టారు. ఎక్కడో మంచు పట్టణంలో ఉన్న చిన్న క్లబ్బుకు నియమాలు ఏమిటో, పోటీల్లో ఎవరు ఏ స్థానంలో వచ్చారో తెలియాలంటే ఇంకో దారి లేదు. శిక్షకుడు దగ్గర లేనివారికి అచ్చులో వచ్చిన మాటే ఆధారం. మీరు చూస్తున్న పట్టికలు ఇంత సవ్యంగా మిగిలాయంటే అందులో ఆ పత్రిక వాటా ఉంది. ఫిగర్స్ 1990 తర్వాత ప్రపంచ పోటీల్లోంచి తీసేశారు. వాటిని ఎలా వేసేవారో తెలుసుకోవాలనుకునేవారికి ఆ పాత సంచికలు ఇప్పటికీ పనికొస్తాయి.

నైల్స్ 1932లో చనిపోయారు. థెరెసా ఆ తర్వాత కూడా కొనసాగించి, మొత్తం నలభై ఏళ్లు, 1963 దాకా సంపాదకురాలిగా ఉన్నారు. 1961 ఫిబ్రవరి 15న ప్రపంచ పోటీలకు వెళుతున్న అమెరికా జట్టు మొత్తం బ్రసెల్స్ దగ్గర విమాన ప్రమాదంలో పోయింది. అందులో మారిబెల్ విన్సన్, 1928లో ఈ జంటను దాటి టైటిల్ గెలిచిన ఆవిడే, తన ఇద్దరు కూతుళ్లతో సహా ఉన్నారు. ఆ వార్త వేయాల్సిన పత్రికకు అప్పుడు సంపాదకురాలు థెరెసా.